హెడ్డు దించే ముందు

పోయిన వారం రాత్రి తొమ్మిదింటప్పుడు మా పిన్నమ్మ కొడుకు చంద్రగిరి నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, బండి నీళ్ళు పొంగతా ఉండాది. షెడ్డులో హెడ్డు దించాల్సిందే అంటా ఉండారు. దించమని చెప్పేదా?" నీళ్ళు పొంగడమంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ళు రేడియేటర్ నుంచి బయటికి పొర్లడం. హెడ్డంటే ఇంజన్ సిలిండర్ల మీద బిగించే మూత, హెడ్ గ్యాస్కెట్ అంటే ఆ రెంటి మధ్య గ్యాసూ నీళ్ళూ కారకుండా పెట్టే పలక. వాడిది 2007 మోడల్ ఆరు టైర్ల లారీ. ఇటుక, ఇసుక తోలుకుని బతుకుతున్నాడు. "హెడ్డు అని ఎట్ల తేల్చినారు? ఏమేం చూసినారు?" అని అడిగాను. "చూసేదేముందన్నా, నీళ్ళు పొంగతాయని చెప్తానే హెడ్ గ్యాస్కెట్ పోయిందనేసినారు."

నేను వచ్చేదాకా ఒక్క నట్టు కూడా వదులు చేయనీయొద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. రెండేళ్ళ కిందట ఇదే ప్రశ్న నన్నూ అడిగారు. నేను వెనకాముందూ చూడకుండా "దించండి" అన్నాను. ఆ ఒక్క మాటకు 34 వేల రూపాయలు, మామిడి సీజన్లో 11 రోజులు పోయాయి. పాత బండి నీళ్ళు పొంగిస్తోందంటే మనిషికి జ్వరం వచ్చినట్టు లెక్క. జ్వరానికి పది కారణాలుంటాయి. ఆ పదిలో ఏదో కనుక్కున్నందుకు మన లారీ ఓనర్లం ఎవరికీ కూలి ఇవ్వం. విప్పినందుకు ఇస్తాం, బిగించినందుకు ఇస్తాం. అందుకే షెడ్డులో ముందు పానా చేతికొస్తోంది. ఇది మెకానిక్కుల తప్పుకంటే మన తప్పే ఎక్కువ అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో చెప్పాలంటే మొగిలి ఘాట్ దగ్గర మొదలుపెట్టాలి.

మొగిలి ఘాట్‌లో

మాది పది టైర్ల బండి. మా నాయన సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. జూన్, జూలై వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల బండ్లకు తీరికుండదు. దామలచెరువు మండీలు, బంగారుపాళ్యం మార్కెట్టు, గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి లోడ్ల బారులు. ఆ రోజు బంగారుపాళ్యంలో కాయలెత్తుకుని బెంగళూరు రోడ్డున పలమనేరు వైపు బయల్దేరాం. చిత్తూరుకంటే పలమనేరు 300 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. దారిలో పెద్ద ఎక్కుడు మొగిలి ఘాటే. మా నాయన కాలం నుంచీ ఉన్న డ్రైవర్ మామతో పాటు నేనూ క్యాబిన్‌లో ఉన్నాను. సగం ఘాటు ఎక్కాక ముందు నుంచి ఆవిరి లేచింది. పక్కకు తీసి ఆపాం. ఓవర్‌ఫ్లో పైపు నుంచి నీళ్ళు బుసబుసమంటూ తారు మీద పడుతున్నాయి.

వేడి మీటరు చూశాను. ముల్లు సగంలో ఉంది. ఎర్ర గీత దరిదాపులకు కూడా పోలేదు. "మామా, వేడి లేదు కదా, మరి యాల పొంగతా ఉండాది?" అన్నాను. "మీటరు పోయిందేమో నాయనా" అన్నాడాయన. ఆ అనుమానంలో తప్పేమీ లేదు. నీళ్ళు బాగా తగ్గిపోతే సెన్సర్ ఒట్టి ఆవిరిలో ఉండిపోయి, ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఇంజన్ సీజయ్యే ముందు చాలా బండ్లలో ముల్లు అట్లాగే మోసం చేస్తుంది. కానీ ఆ రోజు రేడియేటర్‌లో నీళ్ళు నిండుగా ఉన్నాయి కాబట్టే బయటికి వస్తున్నాయి. ముల్లు నిజమే చెప్పింది. ఇంజన్ వేడెక్కకుండా నీళ్ళు అంతలా బయటికి వస్తున్నాయంటే వాటిని లోపల నుంచి ఏదో గాలి నెట్టుతోందేమో అని అనుమానించాలి. ఆ ఒక్క సంగతి నేను షెడ్డులో చెప్పి ఉంటే కథ వేరేగా ఉండేది. చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

డ్రైవర్ మామ గోనెసంచి తడిపి మూత మీద కప్పి తిప్పబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మూత నీళ్ళను ఒత్తిడిలో పట్టి ఉంచుతుంది. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్ళు, 0.5 బార్ మూత కింద 111 డిగ్రీల దాకా మరగవు. 1 బార్ అయితే 120 దాకా ఆగుతాయి. అట్లాంటి నీళ్ళ మీద మూత తీశామంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, ఉన్న నీళ్ళన్నీ ఆ క్షణమే మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. తడి గోనె దాన్ని ఆపదు. మా ఊళ్ళో ఒక క్లీనర్‌కు ఛాతీ నుంచి గడ్డం దాకా ఆ మచ్చలున్నాయి. అప్పుడు అతనికి పదిహేడేళ్ళు.

గంటసేపు ఆగి, చల్లారాక నీళ్ళు పోసుకుని మెల్లగా పలమనేరు చేరాం. తిరుగు దోవలో ఖాళీ బండికీ పొంగాయి. షెడ్డుకు తోలాం. చెప్పీ చెప్పకముందే హెడ్డు అన్నారు. దించారు. లేత్‌లో ఫేసింగ్ చేయించి అడుగు చదును చేశారు, కొత్త గ్యాస్కెట్ వేశారు, హోస్ పైపులూ క్లిప్పులూ మార్చారు. పని శుభ్రంగా చేశారు, అందులో వంక పెట్టడానికి లేదు. మూడో ట్రిప్పులో మళ్ళీ అదే ఘాటు, అదే పైపు, మీటరు ముల్లు అదే సగంలో. నీళ్ళు పొంగాయి.

బుడగలూ గాలి ముల్లూ

తిరుపతిలో ఒక పెద్ద మేస్త్రి ఉన్నాడు. కళ్ళు మసకబారాక షెడ్డు మానేసి ఇంటి పట్టున ఉంటున్నాడు. బతిమాలి పిలుచుకొచ్చాను. సాయంత్రం వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, "వేడి మీద ఏం తెలీదు నాయనా, పొద్దున చల్లగా ఉండంగా చూడాల" అని వెళ్ళిపోయాడు. మరుసటి రోజు ఆరింటికల్లా వచ్చాడు. చేతిలో సామాను ఏమీ లేదు.

చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టించాడు. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయించి, నీళ్ళు గొంతు దాకా పోయించాడు. నన్ను క్యాబిన్‌లో కూర్చోబెట్టి స్టార్ట్ చేయమన్నాడు. బ్రేకుల గాలి ఒత్తిడి చూపించే మీటరు చదువుతూ గట్టిగా చెప్పమన్నాడు. తను స్టూలు మీద నిలబడి రేడియేటర్ నోట్లోకి చూస్తున్నాడు. నేను "నాలుగు" అన్నాను. "ఊఁ" అన్నాడు. "అయిదు." "వస్తా ఉండాయి." "ఆరు." "బాగా వస్తా ఉండాయి." "ఏడున్నర." పలకలేదు. ముల్లు ఎనిమిది దగ్గరికి పోగానే, ట్యాంకు నిండాక గాలిని బయటికి వదిలే అన్‌లోడర్ వాల్వు ఫుస్సుమంది. ఆయన చెయ్యి పైకెత్తాడు. "దిగి రా, చూడు."

దిగి చూశాను. ఇంజన్ ఆడుతూనే ఉంది. రేడియేటర్ నోట్లో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి తప్ప ఒక్క బుడగ లేదు. "ఇప్పుడు ఎక్కి బ్రేకు పది తూర్లు తొక్కు" అన్నాడు. తొక్కాను. ముల్లు ఆరుకు దిగింది, కంప్రెసర్ మళ్ళీ గాలి కొట్టడం మొదలుపెట్టింది. ఈసారి నేను పరిగెత్తుకొచ్చి చూశాను. చిన్న చిన్న బుడగలు, సద్ది గంజి ఉడికేటప్పుడు వచ్చేంతవి, వరసగా ఒకే పక్క నుంచి లేస్తున్నాయి. వాల్వు ఫుస్సుమంది. ఆగిపోయాయి. మూడుసార్లు చేయించాడు. మూడుసార్లూ అంతే.

ఎయిర్ బ్రేకులకు గాలి కొట్టే కంప్రెసర్ ఇంజన్ పక్కనే ఉంటుంది. చాలా లారీల్లో దాని హెడ్డు చల్లబడటానికి ఇంజన్ నీళ్ళే తిరుగుతాయి. ఆ చిన్న హెడ్డుకు కూడా గ్యాస్కెట్ ఉంటుంది. అది పోయినా, హెడ్డు పగిలినా, బ్రేకుల కోసం కొట్టే 8 బార్ల గాలి తిన్నగా ఇంజన్ నీళ్ళలోకి దూరుతుంది. అర బార్‌కో ముప్పావు బార్‌కో తెరుచుకునే రేడియేటర్ మూత దాన్నేం ఆపుతుంది? నీళ్ళు బయటికి తోసుకొస్తాయి. ఇంజన్ హెడ్ గ్యాస్కెట్ పోయినా వచ్చేది అచ్చం ఇట్లాంటి బుడగలే. బుడగను చూసి ఏది ఎక్కడి గాలో చెప్పలేం. తేడా పట్టించేది గాలి మీటరు. అన్‌లోడర్ వదిలాక కంప్రెసర్ మీద ఒత్తిడి ఉండదు కాబట్టి బుడగలు ఆగుతాయి. ఇంజన్ గ్యాసు అయితే గాలి నిండినా నిండకపోయినా, ఇంజన్ ఆడినంతసేపూ వస్తూనే ఉంటుంది.

ఇంకో గుర్తు కూడా ఉందని ఆయన ఎయిర్ ట్యాంకు కింద వాల్వు లాగించాడు. నీళ్ళు కారాయి. ట్యాంకులో తేమ నీళ్ళు ఎప్పుడూ కాస్త ఉంటాయి, వానాకాలం అయితే మరీనూ. కానీ కంప్రెసర్ గ్యాస్కెట్ పోయి ఉంటే, బండి ఆపాక ఇంజన్ నీళ్ళు కంప్రెసర్‌లోకి దిగి, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు గాలితో పాటు ట్యాంకుకు చేరుతాయి. రేడియేటర్ నీళ్ళలో కలిపే రంగు మందు, కూలెంట్, పోసి ఉంటే ఆ నీళ్ళకు రంగుండేది, అర నిమిషంలో తేలిపోయేది. మేం పోసింది బోరు నీళ్ళు. రంగూ లేదు, రుజువూ లేదు.

కంప్రెసర్ విప్పితే గ్యాస్కెట్ ఒక చోట కాలి సన్నగా చీలిపోయి ఉంది. గ్యాస్కెట్ కిట్టు, రీడ్ వాల్వులు, కూలి అంతా కలిపి 2,600 అయింది. ఒక పూట పని. పెద్ద మేస్త్రిని "మీకెంత ఇమ్మంటారు" అని అడిగాను. "నేనేం చేసినాను నాయనా, చూసినా, అంతే" అన్నాడు.

చూసినందుకు

ఆయన అన్న ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. నలభై ఏళ్ళు ఇంజన్ల మధ్య బతికిన మనిషి, తన చూపుకు ధర ఉందని తనే అనుకోవడం లేదు. మనం అట్లా అనుకోనిచ్చాం.

మన సీమలో బోరు వేసే ముందు పాయింటు పెట్టేవాణ్ణి పిలుస్తాం. అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని చేను చుట్టూ నడుస్తాడు, కాయ నిలబడిన చోట రాయి పాతమంటాడు. నీళ్ళు పడతాయో లేదో ఎవరికీ తెలియదు. అయినా వచ్చి చూసినందుకు అడిగినంత ఇస్తాం, అన్నం పెట్టి పంపుతాం. గాలి ఎక్కడి నుంచి నీళ్ళలోకి పోతోందో కళ్ళకు కట్టినట్టు చూపించిన మేస్త్రికి మాత్రం టీ ఇప్పించి పంపేస్తాం.

షెడ్డు నడిపేవాడి వైపు నుంచి ఆలోచించండి. అద్దె కట్టాలి, ముగ్గురు పిల్లగాళ్ళకు రోజు కూలి ఇవ్వాలి. ఒక పూటంతా స్టూలు మీద నిలబడి బుడగలు చూస్తే అతనికి రూపాయి రాదు. హెడ్డు దించితే కూలి వస్తుంది, సామాన్ల మీద నాలుగు రూపాయలు మిగులుతాయి. పైగా ఓనరు పక్కనే నిలబడి "ఎప్పుడు లేస్తాది, లోడు ఆగిపోయిందే" అంటుంటాడు. పానా పట్టుకుని ఉంటే పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఊరికే నిలబడి చూస్తుంటే "ఏంది, తెలీదా ఇతనికి" అనుకుంటాం. నేనే అనుకున్నాను. ఆ 11 రోజుల్లో ఒక్కసారి కూడా "ముందు కనుక్కోండి, దానికి వేరే ఇస్తాను" అని నా నోటి నుంచి రాలేదు.

ఇప్పుడు ఏ షెడ్డుకు తోలినా ముందే చెప్పేస్తున్నాను. కనుక్కునేదానికి 500. ఆ తర్వాత పని ఉన్నా లేకపోయినా, మీ దగ్గర చేయించినా చేయించకపోయినా ఆ 500 మీదే. రెండు పూటలు పట్టినా పర్వాలేదు. అందరూ సంతోషించారని చెప్పను. ఒకాయనకు కోపం వచ్చింది. "నా మాట మీద నమ్మకం లేకనే కదా పరీక్ష పెడతా ఉండావు" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. చెవితో విని చెప్పగలిగేవాడికి పరీక్ష అంటే అవమానంగానే ఉంటుంది. కానీ ఆయన చెవి తప్పితే నష్టం నాది. నిజానికి తప్పకపోతే లాభం ఆయనది, ఎందుకంటే ఆ పేరు ఆయనకు నిలుస్తుంది. ఆయన ఒప్పుకోలేదు, నేను ఇంకో షెడ్డుకు పోయాను. ఇప్పటికీ ఆయన్ను చూస్తే నమస్కారం పెడతాను.

ఎప్పుడు పొంగాయో చెప్పగలగాలి

కూలి ఇస్తే చాలదు, మన వంతు పని కూడా ఉంది. నీళ్ళు ఎప్పుడు పొంగుతున్నాయి అన్నదే సగం జవాబు, అది డ్రైవర్‌కే తెలుస్తుంది. మా బండిలో ఇప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. డ్రైవర్ మామకు రాయడం రాదు కాబట్టి ఆయన చెబితే నేను రాస్తాను. ఎక్కుడా, చదునా, నిలబడి ఉన్నప్పుడా, ఆపేశాకా, మీటరు ముల్లు ఎక్కడుంది, ఎన్ని లీటర్లు పోశాం.

అసలు కొన్నిసార్లు అది రోగమే కాదు. నీళ్ళు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే నూటికి మూడు వంతులు పెరుగుతాయి. 20 లీటర్లు పట్టే బండిలో అది 600 మిల్లీలీటర్లు. రోజూ పొద్దున క్లీనర్ గొంతు దాకా నింపుతాడు, పది కిలోమీటర్లు పోగానే అర లీటరు పైగా బయటికి వస్తుంది, సాయంత్రం "నీళ్ళు తాగతా ఉండాది" అంటాడు. మరుసటి పొద్దున మళ్ళీ నింపుతాడు. రెండు రోజులు నింపకుండా వదిలేసి, ఒక చోట ఆగి ఇంక దిగడం లేదంటే ఆ బండికి ఏ జబ్బూ లేదు.

పక్కన బాటిల్ ఉన్న బండ్లలో మూత మీద కన్నెయ్యాలి. మూతలో రెండు వాల్వులుంటాయి. వేడిలో పెద్దది తెరుచుకుని నీళ్ళను బాటిల్‌లోకి వదులుతుంది, చల్లారినప్పుడు మధ్యలో ఉన్న చిన్నది తెరుచుకుని వెనక్కి లాక్కుంటుంది. చిన్నది పట్టేసిందంటే బాటిల్ నిండి పొర్లిపోతుంటుంది, రేడియేటర్ మాత్రం రోజురోజుకూ ఖాళీ అవుతుంటుంది. పొద్దున పై హోస్ పైపు నొక్కేసినట్టు చప్పిడిగా కనిపిస్తే అదే. రబ్బరు ఎండిపోయి, స్ప్రింగు మెత్తబడితే పెద్దది ముందుగానే తెరుచుకుంటుంది, అప్పుడు ఇంజన్ ఆపిన అయిదు నిమిషాలకు పొంగుతుంది, ఎందుకంటే నీళ్ళు తిరగడం ఆగినా ఇనుములో వేడి ఆగదు. మూత ధర తక్కువ. మార్చడానికి పావు నిమిషం. అయితే దాని మీద రాసి ఉన్న ఒత్తిడి అంకె చూసి అదే తేవాలి. పొంగకుండా ఉండాలని ఇంకా గట్టి మూత వేసేవాళ్ళున్నారు. ఓవర్‌ఫ్లో పైపులో కొయ్య బిరడా కొట్టినవాళ్ళనూ చూశాను. అట్లా చేస్తే ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది, హోస్ పైపో, రేడియేటర్ ట్యాంకో, పక్కన నిలబడ్డ మనిషో.

లోడుతో ఎక్కుడులో మెల్లగా పోతున్నప్పుడే, అదీ ముల్లు పైకి పోయాకే పొంగితే గాలి ఆడటం లేదని అర్థం. రేడియేటర్ రెక్కల్లో వరిపొట్టు, దుమ్ము, పురుగులు కూరుకుపోయి ఉంటాయి. టర్బో బండ్లలో ఇంజన్‌లోకి పోయే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో ఉన్న చెత్త బయటికి కనిపించనే కనిపించదు. ఇంజన్ వైపు నుంచి బయటికి, మెల్లటి ధారతో కడగాలి. సర్వీసు స్టేషన్ గన్నుతో ముందు నుంచి కొడితే రెక్కలు వంగి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఫ్యాన్ బెల్టు జారుతోందేమో చూడాలి. చదును రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడే పొంగితే నీళ్ళ దారిలో అడ్డుందేమో అనుమానించాలి. కింది హోస్ పైపు వాటర్ బాడీ, అంటే నీళ్ళు తిప్పే పంపు, పీల్చే వైపు ఉంటుంది. మెత్తబడిపోతే రేసింగ్ ఇచ్చినప్పుడు లోపలికి అతుక్కుపోతుంది. నిలబెట్టి రేస్ చేయించి ఆ పైపును చూడండి.

ఎక్కువ నింపిందీ కాదు, మూతా కాదు అని తేలాక కూడా ముల్లు సగం దాటకుండా పొంగితే మాత్రం నీళ్ళలోకి గాలి దూరుతున్న సంగతే. కంప్రెసరా, హెడ్డా అని ముందు తేలాలి.

బోరు నీళ్ళూ, పారేసిన వాల్వూ

మా బండికి కంప్రెసర్ బాగయ్యాక కూడా మనసు ఊరుకోక రేడియేటర్ విప్పించాను. రేడియేటర్ షాపులో ట్యాంకులు కరిగించి తీసి, గొట్టాల్లో సన్న కడ్డీ దోపుతుంటే తెల్లటి పెచ్చులు రాలాయి. ఇంట్లో నీళ్ళు కాచే బిందె అడుగున పట్టే సున్నమే అది. మన వైపు బోరు నీళ్ళు ఎంత ఉప్పో వేరే చెప్పక్కర్లేదు. దాబా దగ్గర, పెట్రోలు బంకు దగ్గర ఆ నీళ్ళే పట్టి పోస్తాం. మూడో వంతు గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి.

కూలెంట్ మంచు పడే ఊళ్ళకే అన్న మాట నేనూ చాలాకాలం నమ్మాను. మనకు దాని అవసరం తుప్పు పట్టకుండా ఉండటానికి, మరిగే డిగ్రీ కాస్త పెరగడానికి. ఇంకా పెద్ద కారణం లైనర్లు. లైనరంటే లోపల పిస్టన్ ఆడే ఇనుప గొట్టం. నీళ్ళు నేరుగా తగిలే లైనరు ఇంజన్ కొట్టుకున్న ప్రతిసారీ సన్నగా అదురుతుంది. ఆ అదురుకు దాని గోడ మీద చిన్న ఆవిరి బుడగలు పుట్టి పగులుతుంటాయి. ఏళ్ళ తరబడి పగిలితే సూది గుంటలు పడి, చివరికి రంధ్రమవుతుంది. కూలెంట్‌లో కలిపే మందు ఆ గోడ మీద పొరలా కాపాడుతుంది. ఒట్టి నీళ్ళకు ఆ గుణం లేదు. డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి పోయండి. ఒక జాగ్రత్త, అది తియ్యగా ఉంటుంది, విషం. షెడ్డు దగ్గర కుక్కలు నాకుతాయి, ఇంటి దగ్గర పోస్తే పిల్లలుంటారు. పారబోసేటప్పుడు నేల మీద వదలొద్దు.

థర్మోస్టాట్ సంగతి కూడా చెప్పాలి. "మన ఎండలకు అదెందుకు" అని తీసి పారేయడం ఇక్కడ ఆనవాయితీ అయిపోయింది. మా బండిది ఎప్పుడు తీశారో కూడా తెలియదు. చాలా ఇంజన్లలో ఆ వాల్వు వేడెక్కాక రేడియేటర్ దారి తెరవడంతో పాటు పక్కదారిని మూస్తుంది కూడా. అది లేకపోతే నీళ్ళలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండా పక్కదారినే తిరిగొచ్చేస్తాయి. అంటే చల్లగా ఉండాలని తీసిన వాల్వు వల్లే ఎక్కుడులో వేడెక్కుతుంది. మిగతా సమయంలో ఇంజన్ పూర్తిగా వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది. వాల్వు పట్టేసిందని అనుమానముంటే వేడి నీళ్ళ గిన్నెలో వేసి తెరుచుకుంటోందో లేదో చూడొచ్చు. వాల్వు మీద ఎన్ని డిగ్రీలకో రాసే ఉంటుంది.

నా అనుమానాలు

ఇంత చెప్పాక నాకు తేలని సంగతులు కూడా చెప్పాలి. మా బండి హెడ్డు దించినప్పుడు పాత గ్యాస్కెట్ నాకు చూపించారు. ఒక సిలిండర్ దగ్గర అంచు కాస్త నల్లబడి ఉంది. అది రేపో మాపో పోయేదేనేమో. అప్పుడు ఆ 34 వేలు పూర్తిగా దండగ అనలేను. పాత బండిలో ఒకటే జబ్బు ఉండదు. మా దాంట్లో కంప్రెసర్ గాలి, మూసుకుపోయిన రేడియేటర్, లేని థర్మోస్టాట్ మూడూ కలిసే ఉన్నాయి. ఒకటి పట్టుకుని ఇదే అని సంబరపడితే రెండోది దాక్కుంటుంది.

పరీక్ష కూడా దేవుడి మాట కాదు. కొన్ని గ్యాస్కెట్లు నిలబెట్టి ఆడిస్తే ఏమీ చూపవు, పది టన్నుల లోడుతో ఘాటు ఎక్కుతున్నప్పుడే వదులుతాయి. అట్లాంటప్పుడు ఓవర్‌ఫ్లో పైపుకు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబు తగిలించి, కొసను నీళ్ళ సీసాలో ముంచి, లోడుతో ఒక ఎక్కుడు ఎక్కించి ఆగిన వెంటనే సీసాలో బుడగలు వస్తున్నాయేమో చూడటం ఒక దారి. మూత ముట్టుకునే పని లేదు. అయినా తేలకపోవచ్చు.

ఇంకొకటి. 500 ఇస్తే రెండు నిమిషాలు చూసినట్టు చూసి "హెడ్డే" అనేవాళ్ళు ఉండరా అని మా బావ అడిగాడు. ఉంటారు. అందుకే ఏం చూశారో, ఏం కనిపించిందో నాకూ చూపించమంటాను. నేనూ స్టూలు ఎక్కుతాను.

చంద్రగిరిలో

తెల్లవారి ఆరింటికి పోయాను. షెడ్డు మెకానిక్‌తో ముందు మాట్లాడాను. నా కంటే చిన్నవాడు. "తమ్ముడూ, హెడ్డు నువ్వే దించుదువుగానీ, ముందు ఒక పూట చూద్దాం, దానికి 500 వేరే" అన్నాను. డబ్బులు వద్దన్నాడు. అతని జేబులో పెట్టాను.

గొంతు దాకా నీళ్ళు పోసి స్టార్ట్ చేశాం. మా తమ్ముడు క్యాబిన్‌లో గాలి మీటరు చదువుతున్నాడు. బుడగలు మొదటి నిమిషంలోనే వచ్చాయి. ఎనిమిది దగ్గర ఫుస్సుమంది. బుడగలు ఆగలేదు. మళ్ళీ బ్రేకు తొక్కించి చూశాం. గాలి ఉన్నా లేకపోయినా అట్లాగే వస్తున్నాయి. నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఆపి మూత బిగించి మళ్ళీ స్టార్ట్ చేస్తే, నిమిషంలో పై హోస్ పైపు రాయిలా బిగుసుకుంది. మరోసారి మూత తీసి వాసన చూస్తే సైలెన్సర్ పొగ వాసన. మెకానిక్ తనంతట తనే ఇంకో పని చేశాడు. ఒక్కో సిలిండర్‌కు డీజిల్ తీసుకెళ్ళే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేస్తూ పోయాడు. మూడో దానికి డీజిల్ ఆపగానే బుడగలు బాగా పలచబడ్డాయి. నాలుగో దానికి, అయిదో దానికి ఏ తేడా లేదు.

"హెడ్డే అన్నా. మూడో సిలిండర్" అన్నాడు. మొదటి రోజు అన్న మాటే. కానీ ఈసారి ఆ అబ్బాయి మొహంలో వెలుగు వేరేగా ఉంది.

దించమన్నాను. మధ్యాహ్నానికి హెడ్డు కిందికి దిగింది. గ్యాస్కెట్ తీసి గుడ్డతో తుడిచి వెలుతురులోకి పట్టుకున్నాడు. మూడో సిలిండర్ రింగు దగ్గర నుంచి పక్కనున్న నీళ్ళ రంధ్రం దాకా, వెంట్రుక మందాన నల్లటి గీత. దాని మీద వేలు పెట్టి మా తమ్ముడికి చూపించాడు. నేను బయల్దేరుతుంటే షెడ్డులో పనిచేసే పిల్లవాడు వెనకే వచ్చాడు. నా సంచిలో ఉన్న ప్లాస్టిక్ ట్యూబు వైపు చూస్తూ, "అన్నా, ఆ ట్యూబు మాకిచ్చిపోతావా" అని అడిగాడు. ఇచ్చేసి వచ్చాను.